తలా ఒక చెంబు

సముద్రం మీద చమురు ఒలికితే మదనపల్లెలో ఉన్న మనిషి ఏం చెయ్యాలి? ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే ముందు నవ్వొస్తుంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. పుంగనూరు, కుప్పం కూడా ఆ మెరక మీదివే. మూడింటినీ కలుపుతూ పోయే 42వ నంబరు జాతీయ రహదారి కదిరి వైపు నుంచి వచ్చి, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరిలో తేలుతుంది. దారి పొడవునా గుట్టలూ చింతచెట్లూ టమోటా తోటలే తప్ప ఉప్పుగాలి ఒక్కచోట కూడా తగలదు. ఇక్కడ నీళ్ల మాట వచ్చిందంటే అది బోరు ఎన్ని అడుగులకు పడిందన్న మాటే. అలాంటి చోట కూర్చుని సముద్రం మీది నూనె తెట్టు గురించి బెంగపడటం పొరుగూరి పెళ్లికి మన గుమ్మానికి తోరణం కట్టడంలా ఉంటుంది. ఆలోచించే కొద్దీ మాత్రం నాకు తోచింది వేరు. చమురు ఒలికినప్పుడు మామూలు మనిషి చెయ్యగల సాయంలో తీరంలో చేసేది తక్కువ, ఇలాంటి మెట్ట ఊళ్లలో చేసేదే ఎక్కువ. ఎందుకంటున్నానో తెలియాలంటే ఒకసారి తీరం దాకా పోయి రావాలి.

మనకు దగ్గర తీరం చెన్నైది. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరులో కామరాజర్ ఓడరేవు బయట రెండు నౌకలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాసు దించేసి వెళ్లిపోతున్న బీడబ్ల్యూ మేపుల్, రెండోది పెట్రోలియం సరుకుతో లోపలికి వస్తున్న డాన్ కాంచీపురం. కాంచీపురం నుంచి చమురు కారింది. తొలిరోజు ఓడరేవు ఇచ్చిన ప్రకటన పర్యావరణానికి హానేమీ లేదంది. నాలుగు రోజులు తిరక్కముందే నల్లటి మడ్డి ఎర్ణావూరు రాళ్లగట్టు దగ్గర మేటవేసింది, మెరీనా దాకా పాకింది. ముందు ఇరవై టన్నులన్న లెక్క తర్వాత నిలవలేదు. ఎత్తిపోసిన మడ్డే వందల టన్నులు తూగింది. గాలినీ ప్రవాహాన్నీ బట్టి ఆ తెట్టు ఎటు పోతుందో లెక్కగట్టి చెప్పింది ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం. అది ఉన్నది హైదరాబాదులో. సముద్రం కనపడని చోట కూర్చుని సముద్రానికి పనికొచ్చే పని చెయ్యొచ్చనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. ఇక తీరంలో, మడ్డిని పీల్చడానికి తెచ్చిన యంత్రాలు ఆ చిక్కదనానికి మొరాయించాయి. చివరికి జాలరులు, విద్యార్థులు, కోస్ట్ గార్డు సిబ్బంది బారులు తీరి బకెట్లతో ఎత్తిపోశారు.

ఆ బకెట్ల వరస ఫొటో చూసి కొందరు ఎగతాళి చేశారు, ఈ కాలంలో బకెట్లేమిటని. కొందరి కళ్లు చెమర్చాయి. రెండూ సగం సగం నిజాలే. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న మడ్డి దగ్గర యంత్రం కంటే చెయ్యే మేలు. ఏ దేశపు తీరంలోనైనా చివరి పని పారలతో, బకెట్లతో సాగేదే. అందులో చిన్నతనమేమీ లేదు. చిన్నతనమల్లా ఆ చేతుల్లో చాలావాటికి సరైన తొడుగులు లేకపోవడం, ఆ ముక్కులకు గుడ్డ తప్ప మరో అడ్డు లేకపోవడం. చమురు తాజాగా ఉన్నప్పుడు బెంజీన్ లాంటి ఆవిర్లు లేస్తాయి. మడ్డిలో చర్మానికి పట్టుకుని ఒక పట్టాన వదలని విషాలుంటాయి. 2002 నవంబరులో స్పెయిన్ దగ్గర ప్రెస్టీజ్ అనే నౌక మునిగినప్పుడు తీరం శుభ్రం చేసిన జాలరులను ఏడాది దాటాక పరీక్షిస్తే, ఆ పనికి పోనివాళ్లకంటే వీళ్లలో ఊపిరితిత్తుల బాధలు ఎక్కువని తేలింది. బకెట్టు పట్టుకున్న మనిషి నిజంగా సాయం చేస్తున్నాడు. దాని ధర ఎంతో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మన తెలుగువాళ్ల దృష్టిలో చమురు ప్రమాదం అంటే మంట. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. 1997 సెప్టెంబరు 14న విశాఖలో రిఫైనరీ, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపులైను. మంట కనిపిస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పక్కర్లేదు, కాళ్లే చెబుతాయి. మండకుండా మెల్లగా పాకే చమురు దగ్గరే మనకు ఊహ అందదు. భయం లేని చోట మనిషికి ఉత్సాహం వస్తుంది. ఆ ఉత్సాహమే ఒక్కోసారి చమురుకంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1967లో ఇంగ్లండు తీరాన టోరీ కేన్యన్ అనే ట్యాంకరు మునిగితే, తెట్టును కడిగెయ్యాలన్న తొందరలో టన్నులకొద్దీ డిటర్జెంటు కుమ్మరించారు. చమురు కంటికి కనపడకుండా పోయింది. రాళ్లను అంటుకుని బతికే నత్తలూ గుల్లలూ ఆ సబ్బుకే ఎక్కువగా చచ్చాయని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకరు నుంచి చమురు ఒలికాక తీరపు రాళ్లను వేడినీళ్లతో, పెద్ద ఒత్తిడితో కడిగారు. కొన్నేళ్ల తర్వాత పోల్చి చూస్తే, కడగకుండా వదిలేసిన చోట్లే జీవం ముందు కోలుకుంది. మరక కనిపిస్తే కడగాలనిపించడం మంచి ఇల్లాలి బుద్ధి. తీరం వంటిల్లు కాదు మరి. మన రోడ్ల మీద లారీ నుంచి ఆయిలు కారితే సబ్బుపొడి చల్లి, నీళ్లు కొట్టి, మురుక్కాలవలోకి తోసేసి హమ్మయ్య అనుకోవడం ఇదే బుద్ధికి చిన్న రూపం. అప్పుడు చమురు ఎక్కడికీ పోలేదు. మన కంటి ముందు నుంచి కిందివాడి కంటి ముందుకు పోయింది. అదే మరక మీద రంపపు పొట్టో, ఇసకో, చెనిక్కాయ పొట్టో పోసి, పీల్చుకున్నాక పారతో ఎత్తి, నీళ్లు తగలని చోట విడిగా పెట్టడం ఎక్కువ శ్రమేమీ కాదు.

అయితే చేతులు కట్టుకుని చూస్తూ ఉండమంటారా అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతిలో గట్టి ఉదాహరణే ఉంది. 2007 డిసెంబరు 7న దక్షిణ కొరియాలోని తేయాన్ తీరంలో హెబెయ్ స్పిరిట్ అనే ట్యాంకరు నుంచి పది వేల టన్నులకు పైగా ముడిచమురు ఒలికింది. దేశం నలుమూలల నుంచి 12 లక్షల మందికి పైగా వచ్చి, రాయి రాయినీ గుడ్డపెట్టి తుడిచారు. ఆ సంగతులు నమోదైన కాగితాలను యునెస్కో 2022లో ఆసియా పసిఫిక్ జ్ఞాపకాల పట్టికలో చేర్చుకుంది. ఇంతకంటే ఏం కావాలి? ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. నిజానికి తేయాన్ నా వాదాన్నే బలపరుస్తుంది. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి బూట్లు, తొడుగులు, వంతులు, చూపించే మనిషి ఉన్నారు. అంత ఉన్నా, ఎక్కువ రోజులు పనిచేసినవాళ్లకే తలనొప్పి, దగ్గు, వికారం ఎక్కువని అక్కడి వైద్యులు రాశారు. అంటే జనబలం పనికొస్తుంది, దానికి ఒక పద్ధతి కుదిరినప్పుడు. పిలిచినప్పుడు పోవడం, పొమ్మన్నప్పుడు వెనక్కి తిరగడం కూడా సేవే. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే నౌక మునిగి కంటెయినర్లు కేరళ తీరానికి కొట్టుకొచ్చినప్పుడు అధికారులు జనానికి చెప్పిన మొదటి మాట 200 మీటర్ల దూరంలో ఉండండి, 112కు ఫోన్ చెయ్యండి అని. కొన్ని కంటెయినర్లలో నీళ్లు తగిలితే మండే వాయువు విడిచే కాల్షియం కార్బైడు ఉంది మరి. మన భాషలో ‘సాయం’ అనగానే చెయ్యి ముందుకు చాచడమే గుర్తొస్తుంది. కేరళలో ఆ రోజు చెయ్యి వెనక్కి తీసుకోవడమే సాయమైంది.

ఇక్కడ చిన్న పక్కదారి. చమురు పీల్చడానికి తలవెంట్రుకలు పనికొస్తాయన్నది అమెరికాలో ఒక క్షౌరశాల యజమాని ఆలోచన. 1989లో అలాస్కా పక్షుల ఈకలకు, జంతువుల బొచ్చుకు చమురు పట్టడం టీవీలో చూసి, జుట్టుకు నూనెను పట్టుకునే గుణముందని గ్రహించాడు. 2020లో మారిషస్ దగ్గర వకాషియో నౌక నుంచి చమురు కారితే అక్కడి జనం చెరకు ఆకుల్నీ వెంట్రుకల్నీ గోతాల్లో, గొట్టపు సంచుల్లో కుక్కి తెట్టుకు అడ్డుకట్టలు వేశారు. ఇది చదివిన చిత్తూరువాడికి వెంటనే చెరకు తోటలూ, తిరుమల కల్యాణకట్టా గుర్తుకు రావడం సహజం. ప్రపంచంలో అంత జుట్టు మరెక్కడ ఒకచోట చేరుతుంది! కానీ 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు పారినప్పుడు గుట్టలుగా వచ్చిన వెంట్రుకల కట్టలను అక్కడి అధికారులు వద్దన్నారు. అవి నూనెతో పాటు నీళ్లనూ తాగి బరువెక్కుతాయని, అదే పనికి తయారుచేసిన కట్టలే మేలని పరీక్షలో తేలింది. మారిషస్ జనానిది తప్పు కాదు. మంచి సామాను వచ్చేలోపు ఉన్నదాంతో అడ్డం కట్టుకున్నారు. దూరాన ఉన్న మనం మాత్రం ఏది కావాలో అడగకుండా లారీలకెత్తి పంపితే, తుఫాను బాధితులకు పాతచీరలు పంపినట్టే ఉంటుంది.

సరే, తీరం నుంచి వెనక్కి వద్దాం. నీటి మీద నూనె ఎంత పలచగా పాకుతుందో 18వ శతాబ్దంలోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ చూశాడు. లండన్‌లోని క్లాఫం చెరువులో ఒక చెంచా నూనె వేస్తే అరెకరం మేర నీళ్లు అద్దంలా నిలిచాయని 1774లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. అది వంటనూనె జాతి. మన లెక్కకు ఇంజన్ ఆయిలు తీసుకుందాం. వెండిరంగు తళుకుగా కనిపించే పొర మందం మిల్లీమీటరులో పదివేలో వంతు అనుకుంటే, ఒక్క లీటరు రెండున్నర ఎకరాల నీటిని కప్పుతుంది. మోటారు సైకిలుకు ఆయిలు మారిస్తే దిగేది సుమారు లీటరు. ట్రాక్టరుకు ఏడెనిమిది లీటర్లు, లారీకి పదిహేను ఇరవై. టమోటా సీజన్లో మదనపల్లె మార్కెట్ యార్డుకు వచ్చే లారీలెన్నో, వాటి కోసం రోడ్డు పొడవునా తెరుచుకున్న షెడ్లెన్నో చూసినవాళ్లకు తెలుసు. వాడేసిన ఆయిలు కొత్తదానికంటే చెడ్డది. ఇంజను అరుగుదలలోంచి వచ్చిన లోహపు రజను, సగం కాలిన ఇంధనపు విషాలు దాన్లో కలిసి ఉంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ తరచూ చెప్పే మాట ఒకటుంది: ఒక ఆయిలు మార్పుతో దిగిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను చెడగొట్టగలదని.

ఇంకో లెక్క చూడండి. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2003లో వేసిన అంచనా ప్రకారం, మనిషి వల్ల ఉత్తర అమెరికా సముద్రాల్లో చేరే చమురులో దాదాపు 85 శాతం వచ్చేది వీధుల మీంచి పారిన వాననీళ్లు, మురికి నదులు, చిన్న పడవలు, విమానాల నుంచి. ట్యాంకర్లు, పైపులైన్ల ప్రమాదాల వాటా 8 శాతం లోపే. 2022లో అదే అంశం మీద వచ్చిన తాజా నివేదిక కూడా నేల మీంచి పారి వచ్చేదే అన్నిటికంటే పెద్ద పాలు అంది. మన దేశంలో పాళ్లు వేరుగా ఉండొచ్చు. తీరు మాత్రం అదే: వాన కడుగుతుంది, వంక మోస్తుంది, ఏరు అందుకుంటుంది. ఓడలు గుద్దుకోవడం పత్రికల్లో వస్తుంది. మురుక్కాలవలోకి దిగిన లీటరు ఏ పత్రికలోనూ రాదు. ‘తిలా పాపం తలా పిడికెడు’ అన్న మాటలో ఉన్నవి నువ్వులే కావడం కాకతాళీయమే అనుకోండి, నూనెకు ఇంతకంటే సరిపడే సామెత మరొకటి లేదు.

మా ఏళ్లలో నీళ్లెక్కడ పారుతున్నాయి, సముద్రం దాకా పోవడానికి? ఈ సీమవాళ్లు తప్పక వేసే ఎదురు ప్రశ్న ఇది, న్యాయమైందే. పాలారు నంది కొండల్లో పుట్టి కర్ణాటకలో 93 కిలోమీటర్లు, మన కుప్పం వైపు 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు సాగి కల్పాక్కం దగ్గర్లో సముద్రంలో కలుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. కళ్లకు కనిపించేది ఏడాదిలో ఎక్కువ నెలలు ఒట్టి ఇసక. కానీ ఎండిన ఏరు చమురు విషయంలో మరింత చేటు. పారే నీరు పలచన చేస్తుంది, మోసుకుపోతుంది. ఎండిన వంకలో పోసింది అక్కడే ఇంకి, తొలి వాన కోసం కాచుకుని కూర్చుంటుంది. ఆ వాన వచ్చినప్పుడు ఎలా వస్తుందో 2021 నవంబరులో చూశాం. పాలారు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. మదనపల్లె మీదుగా పోయే బాహుదా నీళ్లు కలిసే చెయ్యేరు, నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంచుకుని పెన్నలోకి దూకింది. ఏళ్ల తరబడి షెడ్ల ముందు నేల తాగిన ఆయిలు ఆ వరదకు ఎంత పోయిందో ఎవరు కొలిచారు? ఇంకో సంగతి. ఇప్పుడు హంద్రీ నీవా కాలువలో కృష్ణ నీళ్లు శ్రీశైలం నుంచి ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా వందల కిలోమీటర్లు ఎక్కి పుంగనూరు, కుప్పం కాలువల దాకా వస్తున్నాయి. అంత కరెంటు ఖర్చుపెట్టి, అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న నీళ్లు నిలిచే చెరువు పక్కన ట్రాక్టరు కడిగేవాడు ఏం చేస్తున్నాడో అతనికి తెలియదు. ఆ చెరువు నీళ్లు తాగే పుంగనూరు పొట్టి ఆవుకూ తెలియదు.

ఇక్కడే అందరికంటే పదునైన అభ్యంతరం వస్తుంది. కంపెనీలు టన్నులు వదిలితే అడగరు, రోడ్డుపక్క మెకానిక్ లీటరు పోస్తే పట్టుకుంటారా? పేదవాడి మీద పడటం మనకు అలవాటు కాబట్టి ఈ అనుమానం ఉండాల్సిందే. నేను చెబుతున్నది నేరం పంచడం గురించి కాదు. ఎన్నూరు తీరంలో పేరుకున్న మడ్డికి మదనపల్లె మెకానిక్ బాధ్యుడు కాడు, ఎన్నటికీ కాడు. కానీ చెయ్యాల్సిన పని ఎవరి చేతికి అందుతుందన్నది వేరే ప్రశ్న. పైగా ఇందులో మెకానిక్ ఒంటరివాడు కాకూడదు. వాడేసిన ఆయిలు ప్రమాదకర వ్యర్థమని, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే చేరాలని 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిలు తయారుచేసి అమ్మే కంపెనీలే వాడేసిన దాన్ని వెనక్కి సేకరించి శుద్ధి చేయించాల్సిన బాధ్యత కూడా మోస్తున్నాయి. అంటే డబ్బా మీద బొమ్మ వేసుకున్న కంపెనీని, నీ పాత ఆయిలు తీసుకుపోయే బండి మా ఊరికి ఎప్పుడొస్తుందని అడిగే హక్కు మెకానిక్‌కు ఉంది. ఆ ప్రశ్న అతనొక్కడూ అడిగితే ఎవరికీ వినపడదు. బండి ఆయిలు మార్పించుకునే మనం పక్కన నిలబడి ‘ఆ పాతాయిలు యాడ బోస్తావన్నా?’ అని ప్రతిసారీ అడిగితే, అతనికి ఒక డ్రమ్ము పెట్టాలనిపిస్తుంది. నాలుగు షెడ్ల డ్రమ్ములు నిండితే కొనడానికి మనిషి వస్తాడు, ఎందుకంటే దానికి ధర ఉంది. ఇప్పుడు కూడా చాలాచోట్ల పారబోయరు, అమ్ముతారు. శ్లాబు సెంట్రింగు రేకులకు పూయడానికో, చెద పట్టకుండా దూలాలకు రాయడానికో, పొయ్యిలో కాల్చడానికో పోతుంది. అవన్నీ నేలకూ గాలికీ చేరే దారులే. ఆ దారి మళ్లించడానికి కావాల్సింది పోలీసు కాదు, ఊళ్లో ఒక కూడలి. మునిసిపాలిటీ ఆ మాత్రం చోటు చూపించలేదా?

బజ్జీల బండి మూకుడు అడుగున మిగిలే నూనెదీ ఇదే కథ. దాన్ని బయోడీజిలుకు సేకరించే ఏర్పాటు 2018లో ఆహార భద్రతా సంస్థ మొదలుపెట్టింది. చిన్న ఊళ్లకు అదింకా సరిగా చేరలేదు.

ఇక నిజంగా పెద్ద ఎత్తున చమురు ఒలకడం ఈ ఊళ్లలోనే జరగదా? జరిగితే 42వ నంబరు రోడ్డు మీదో, చెన్నై బెంగళూరు దారిలోనో, ఏ మలుపులోనో ట్యాంకరు పల్టీ కొట్టి జరుగుతుంది. అప్పుడు ఏమవుతుందో తెలుగు పత్రికలు చదివేవాళ్లకు కొత్త కాదు. బిందెలు, క్యాన్లు, బకెట్లు. ఎన్నూరులో సేవకు గుర్తయిన బకెట్టే ఇక్కడ ఎగబాటుకు గుర్తు. 2017 జూన్ 25న, ఎన్నూరు జరిగిన ఏడాదే, పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ దగ్గర పెట్రోలు ట్యాంకరు బోల్తాపడితే పట్టుకోవడానికి ఎగబడ్డ జనంలో 200 మందికి పైగా కాలిపోయారు. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతూ పోయి ఏ బైకు నిప్పురవ్వ కోసమో ఎదురుచూస్తుంది. అక్కడ సాయం చెయ్యాలనుకున్న మనిషి మొదట చదవాల్సింది ట్యాంకరు పక్కనా వెనకా ఉండే హెచ్చరిక బోర్డు. దాని మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది: 1203 అయితే పెట్రోలు, 1202 డీజిలు, 1075 వంటగ్యాసు. పక్కనే ఫోన్ నంబరు. దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడి ఆ అంకెలు చదివి 112కో, 101కో చెప్పగలిగితే, వచ్చే అగ్నిమాపక బండి నీళ్లతో రావాలో నురగతో రావాలో ముందే తెలుస్తుంది. ఆ నాలుగంకెలు బడిలో పిల్లలకు నేర్పడానికి ఒక పూట చాలు. రోడ్డు పక్క టీకొట్టు గోడ మీద రాయడానికి ఒక డబ్బా రంగు చాలు. ఆ తర్వాత చూసుకోవాల్సింది కారినది వంకలో కలవకుండా మట్టికట్ట వెయ్యడం. మడికి గట్టు వెయ్యడం తెలిసిన రైతుకు ఆ పని ఎవరూ చెప్పక్కర్లేదు. అధికారులు సరేనన్నాక ఒక జేసీబీ, నాలుగు పారలు ఉంటే అయిపోతుంది.

ఒలికిన రోజు గడిచిపోయాక మిగిలేది కాగితం. అన్నిటికంటే ముఖ్యం అదే అంటాను, పాలారునే సాక్ష్యంగా చూపిస్తాను. కుప్పం దాటాక ఆ ఏరు వాణియంబాడి, ఆంబూరుల మీదుగా పోతుంది. అక్కడి తోళ్ల కార్ఖానాలు దశాబ్దాల పాటు మురుగు వదిలాయి. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది ఏ ప్రభుత్వమూ కాదు, వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక. 1996 ఆగస్టు 28న వచ్చిన తీర్పులో, చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని కోర్టు చెప్పింది. ఇప్పుడు దేశంలో ఎక్కడ చమురు ఒలికినా న్యాయవాదులు ఎత్తి చూపే సూత్రం అది. పాలారు ఒడ్డు జనం చేసిన ఫిర్యాదులోంచి వచ్చింది. అదే ఏటి మీద 2025 జనవరి 30న కోర్టు మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ సూత్రం అమలు ఎంత నత్తనడకో కూడా తెలుస్తుంది. ముప్పై ఏళ్లు కావస్తున్నా నష్టపరిహారం లెక్క తేలలేదు. ఎవరికెంత నష్టం జరిగిందో చూపించే కాగితాలు నిలబడినంత మేరకే న్యాయం నిలబడుతుంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచినప్పుడు, మణలి రిఫైనరీ ప్రాంతం నుంచి చమురు వరదతో కలిసి బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి ఎన్నూరు కయ్యలోకి దిగింది. ఒకప్పుడు మన నెల్లూరు తీరం మీదుగా పడవలు నడిచిన కాలువే అది. మళ్లీ జాలరులే, మళ్లీ మగ్గులే. హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టింది. అలాంటి చోట ఒక్కొక్క జాలరి ఎన్ని రోజులు వేటకు పోలేదో, ఏ వల పాడైందో, ముందు నెలల్లో ఎంత అమ్ముకున్నాడో ఎవరు రాసిపెట్టారు? ట్రిబ్యునల్ దగ్గర పరిహారం అడగడానికి చట్టం ఐదేళ్లు గడువిచ్చింది. 1991 నాటి ప్రజా బాధ్యతా బీమా చట్టం కింద కలెక్టరుకు పెట్టుకునే అర్జీకీ అంతే గడువు. గడువుంది, రుజువే ఉండదు. చదువుకున్న పిల్లలు ఇంటికొకరున్న ఈ ఊళ్లవాళ్లు చెయ్యగల పని ఇక్కడుంది. తేదీ పడేలా తీసిన ఫొటో, చెరువు నీళ్లు మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో పట్టి చీటీ అంటించడం, పంట పోయిన రైతు మాటలు అతని మాటల్లోనే రాసుకోవడం. కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దున ఉంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చిన మనుషులు వీధికి పదిమంది దొరుకుతారు. ఏరు మూడు భాషల మీదుగా పారుతున్నప్పుడు ఎగువవాడి మాట దిగువవాడికి చేర్చగలవాళ్లు వీళ్లే.

ఇలా చూసి గుర్తుంచుకోవడం ఈ సీమకు కొత్త ఉద్యోగమేమీ కాదు. చెరువు నీళ్లు ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసే మనిషిని నీరుగట్టు అనేవాళ్లు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె అనే పేట ఆ పేరును ఇంకా మోస్తోంది. ఇప్పుడక్కడ పట్టుచీరల మగ్గాలు ఎక్కువ. నీరుగట్టు వానను కురిపించలేడు, చెరువు తవ్వించలేడు, పెద్ద రైతును ఎదిరించే బలమూ అతనికి లేదు. పార భుజాన వేసుకుని రోజూ కట్ట మీద తిరిగేవాడు, అంతే. ఏ తూము ఎప్పుడు తెరిచారో, ఏ గండి ఎవరు కొట్టారో అతను చూసి ఉండేవాడు. తగాదా వచ్చిన రోజున ఊరు ముందుగా పిలిపించేది అతన్నే.